పారాణి మరక

మా ఊళ్లో ఆడపిల్ల పెద్దమనిషైతే ఆ రోజు ఆమె ఒంటిమీదున్న బట్టలు చాకలి అంజమ్మవి. ఇది ఎవరూ రాసి పెట్టింది కాదు, ఎవరూ కాదనేది కాదు. నీళ్లు పోసిన రోజు తల్లి ఆ బట్టలను మూటగట్టి, పైన సోలెడు బియ్యం, ఒక ఎండుకొబ్బరి కుడుక, ఇంత బెల్లం పెట్టి గడప బయట ఉంచుతుంది. అంజమ్మ వచ్చి మూట ఎత్తుకుని, లోపలున్న పిల్లను ఒక్కసారి చూసి, "సల్లగుండు బిడ్డా" అని వెళ్లిపోతుంది. నా బట్టలూ అట్లాగే పోయాయి. ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఎదురైతే నేను తల దించుకుని పక్కకు తప్పుకునేదాన్ని. ఆమె మాత్రం అందరినీ చూసినట్టే నన్నూ చూసేది.

అంజమ్మ గోపాల్‌పేట దిక్కు నుంచి పదమూడేళ్లకు కోడలై వచ్చింది. ఇప్పుడు అరవై దాటి ఉంటుంది. కొడుకులిద్దరూ హైదరాబాదులో ఇస్త్రీ దుకాణం పెట్టుకున్నారు. భర్త లేడు. ఊరి బయట, ఖిల్లా ఘణపూర్ కోట గుట్ట కనబడే దిక్కున, వాగు మలుపులో ఆమె రేవు. రెండు బండలు, బట్టలు ఉడకబెట్టే ఒక మట్టి బాన, ఆరేసుకునేందుకు రెండు రాటలకు కట్టిన తీగ. ఇళ్లలోకి వాషింగ్ మెషిన్లు వచ్చాక ఆమెకు మిగిలినవి మెషిన్‌లో వేయడానికి ఎవరికీ మనసొప్పని బట్టలే. పురుటి బట్టలు, చావు బట్టలు, ముట్టు బట్టలు.

మొదటిసారి రేవుకు తీసుకుపోయిన రోజే అత్త ఆమెకు ఒక మాట చెప్పిందట. "ఈడ సూసింది ఈడ్నే ఇడిసిపెట్టి రావాలె. ఊర్లెకు తెస్తివో, నీ చేతికి ఎవ్వరూ మూట ఇయ్యరు." అంజమ్మ దాన్ని దాటలేదు. ఊళ్లో ఎవరి కడుపు మూడో నెలలో జారిపోయిందో, ఏ కోడలికి నెలకు రెండుసార్లు అవుతుందో, ఎవరి దగ్గుగుడ్డలో రక్తం ఉందో ఆమెకు తెలుసు. మరీ పరేషాన్ అనిపిస్తే ఆ మనిషినే పక్కకు పిలిచి, "అమ్మా, జర దవాఖానకు పోయిరా" అనేది. రెండో మనిషి చెవిన వేసేది కాదు. అది ఆమెకు గర్వం కూడా.

నాలుగేళ్ల కింద, దసరాకు పది రోజుల ముందు, తిరుపతమ్మ ఇంటి గడప బయట అట్లాంటి మూట ఒకటి పెట్టారు.

తిరుపతమ్మ, అనంతయ్యలకు ఎకరన్నర చెలక ఉంది. వానలు నిలబడితే కంది, లేకుంటే ఏమీ లేదు. దసరా పోగానే మేస్త్రీ వెంట పుణె పోయి, కట్టే బిల్డింగుల పక్కనే రేకుల గుడిసెల్లో ఉండి, ఎండలు ముదిరాక తిరిగి వచ్చేవాళ్లు. ఒక్కతే కూతురు రజిత హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదివేది. ఏడాదిగా ఆ పిల్లకు ప్రతి నెలా నాలుగు రోజులు కడుపునొప్పి. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకునేది. నాలుగు రోజులు పోగానే ఏమీ లేనట్టు లేచేది. చివరికి హాస్టల్ వాళ్లు, ఇంట్లో చూపించుకొమ్మని పంపేశారు. ఊరి ఆర్‌ఎంపీ ఒంట్లో వేడి, గర్మీ అని గ్లూకోజు ఎక్కించాడు. కూతురికి పద్నాలుగు నిండినా ముట్టు కాలేదన్న దిగులు తిరుపతమ్మకు అప్పటికే ఉంది. నొప్పి వస్తున్నదంటే ఇయ్యాలో రేపో అయితదని ఆమె అనుకుంది.

అంతలో అచ్చంపేట నుంచి వదిన ఇందిరమ్మ ఒక పెళ్లికి వచ్చింది. ఆమె తిరుపతమ్మ అన్న భీమయ్య భార్య. రజితను తన కొడుకు శ్రవణ్‌కు చేసుకుంటానని పిల్ల పుట్టినప్పటి నుంచీ అంటున్నది. పెళ్లి పందిట్లో, పదిమంది ఆడవాళ్లు అన్నం తింటున్న చోట, అడిగింది.

"ఏందే తిర్పతీ, మా చెల్లె బిడ్డ నీ బిడ్డకంటే ఆర్నెల్లు చిన్నది. దానికి సీరెలు పెట్టుడు గూడ అయిపాయె. నీ పిల్ల ఇంకా గౌన్లనే ఉన్నదా?"

ఎవరో నవ్వారు. ఇంకొకామె, "హాస్టల్ నీళ్లకు ఆలిశమైతుందేమో" అంది. ఇందిరమ్మ నవ్వుతూనే, "ఆలిశమైతే సరే, అసలే లేకుంటెనో?" అంది. "ఆడిపిల్లనో కాదో సూసుకుని గద నేను కోడల్ని జేస్కునేది!"

పది రోజులు తిరగకుండా రజిత పెద్దమనిషైందని కబురు వచ్చింది. పుణె పోవడానికి ముందే ఫంక్షన్ చేసేద్దామని అనంతయ్య టెంటు వేయించాడు. మేనమామ చీర తెచ్చాడు. నువ్వులు, బెల్లం దంచి ముద్దలు చేశారు. ఊరి ఆశ వర్కర్ ధనలక్ష్మి కూడా వచ్చి తిని, రిజిస్టర్‌లో రజిత పేరు ఎదురుగా టిక్కు పెట్టుకుంది.

అంజమ్మ ఆ మూటను రేవుకు తీసుకుపోయి విప్పింది. లోపల నీలం లంగా. వెనక అరచేతి వెడల్పున ఎర్రటి మరక. రక్తం మరకను ముందు చన్నీళ్లలోనే నానేయాలి. ఉడుకునీళ్లు తగిలితే అది బట్టను ఇక వదలదు. దాదాపు యాభై ఏళ్లుగా చేసే పనే కాబట్టి చూడకుండానే లంగాను చన్నీళ్ల బకెట్‌లో ముంచి, మిగతావి బండ మీద వేసింది. తిరిగి చూసేసరికి బకెట్‌లో నీళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

రక్తం కలిసిన నీళ్లు పసుపుపచ్చగా తిరగవు. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అయ్యేదీ, నీళ్లు పోస్తే మళ్లీ పసుపు తేలేదీ ఒక్కటే. పారాణి. పెళ్లికూతుళ్ల కాళ్లకు పెట్టేది.

ఆ సాయంత్రమే అంజమ్మ తిరుపతమ్మ ఇంటికి పోయి, ఆమెను పశువుల కొట్టం దిక్కు పిలిచింది.

"తిర్పతీ, గా లంగకు ఏం పూసినవే?"

తిరుపతమ్మ ఒక్క క్షణం తెలియనట్టు చూసి, తర్వాత ఆమె చేతులు రెండూ పట్టుకుంది. "అంజవ్వా, నీ కాల్మొక్త. నొప్పైతే నెలనెలా అస్తనే ఉంది. ఈ నెల గాకుంటే అచ్చే నెల ఐతది. అప్పుడు ఇది అబద్ధమెట్లైతది చెప్పు? జర ముందుగాల చేసిన, అంతే గద."

"పిల్లకు తెల్సా?"

"దాన్కేం తెల్వదు. 'నేను చెప్పేదాంక మూల కూసో' అన్న. కూసున్నది."

"మీ ఆయినకు?"

"ఆయినకు తెలిస్తే నన్ను బతకనిస్తడా? మా అన్న తోని సీర పెట్టిచ్చుకుంటిమి. అవ్వా, నీ నోటెంట రానియ్యకు."

"నా నోటెంట ఎన్నడన్న అచ్చిందా?" అంది అంజమ్మ. ఇంటికి పోయి లంగాను మడిచి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టింది. అంచుల్లో పసుపు పోలేదు. పెద్దమనిషి బట్టలను ఆమె ఉతికి, తన మనవరాళ్లకో ఎవరికో ఇచ్చేది. దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

వచ్చే నెల కాలేదు. ఆ పై నెలా కాలేదు. రజిత హాస్టల్‌కు తిరిగి పోకుండా, తల్లిదండ్రులతో పుణెలో ఇటుకలు మోస్తూ, నెలకు నాలుగు రోజులు రేకుల గుడిసెలో ముడుచుకుని పడుకుంటూ ఎనిమిది నెలలు గడిపింది. తనకు ఏదో కావాల్సింది కావడం లేదని ఆ పిల్లకు తెలుసు. కానీ అది ఏమిటో అడగడానికి మాటలు లేవు. ఎనిమిదో తరగతిలో కౌమారదశ అనే పాఠం ఉంటుంది. మా బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు, ఇది ఇంటికాడ చదువుకోండి అనేవాళ్లు. మేమంతా ఇంటికాడ ఆ పేజీలు ఎవరైనా వస్తే మూసేసేవాళ్లం. పుణె పోయేముందు ధనలక్ష్మి ఇచ్చిన ప్యాడ్ల ప్యాకెట్లు రజిత సంచిలో చింపకుండా ఉన్నాయని తర్వాత తెలిసింది. ఇచ్చినప్పుడు తీసుకుంది. వద్దంటే ఎందుకని అడుగుతారు కదా.

మే నెలలో వాళ్లు వ్యాను దిగినప్పుడు చూసినవాళ్లంతా ముందు రజిత కడుపే చూశారు. బక్క పిల్ల. బొడ్డు కింద గట్టిగా, గుండ్రంగా లేచి ఉంది. దుప్పటా ఎంత కిందికి లాక్కున్నా దాగేది కాదు.

నల్లా దగ్గర మాటలు మొదలయ్యాయి.

"అనంతయ్య పుణె పోయి బిడ్డకు ఏం సంపాయించుకొచ్చిండో సూసిండ్రా?"

"గా గుడిసెలల్ల తలుపుండదు, గొళ్లెముండదు. ఎవడని అడుగుతడు?"

"మొన్న గద మనం నువ్వుల ముద్దలు తింటిమి. యాడాది గాలె!"

ఆ చివరి మాటే అందరికీ రుజువు. ముద్దలు తిన్నవాళ్లే ఊరంతా. పెద్దమనిషైన పిల్ల, పైగా కడుపు. ఇంకేమవుతుంది?

అనంతయ్య ఆ పిల్లను గుంజకు ఆనించి కొట్టాడు. ఎవడో చెప్పమన్నాడు. "నాకేం తెల్వదు నాయినా, నాకేం తెల్వదు" అని తప్ప ఆమె ఇంకేమీ అనలేదు. ఆ ఇంట్లో చెప్పగలిగింది ఒక్క తిరుపతమ్మే, కూతురికి ఇంతవరకూ ముట్టే కాలేదని. ఆ మాట చెబితే దెబ్బలు ఆగేవి. ఆమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని చాలా రోజుల తర్వాత దవాఖాన మెట్ల మీద ధనలక్ష్మి అడిగితే ఆమె అన్నది ఇది: "కడుపంటే ఎవడో మోసం జేసిండంటరు, నాలుగొద్దులు తిడ్తరు. అసలే కాలేదంటే ఆడిపిల్లనే కాదంటరు గదనే. అది జన్మంత ఉంటది."

అనంతయ్య ఇద్దరినీ బండి మీద ఎక్కించుకుని, దూరంగా, తమను ఎరగని ఒక ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన పిల్లను పడుకోబెట్టలేదు, పరీక్ష చేయలేదు. పై నుంచి చేత్తో ఒత్తి చూసి ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఎన్ని నెలలైంది తప్పి?"

రజిత తల్లి వైపు చూసింది. అనంతయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తిరుపతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "నాలుగు నెలలాయె" అంది.

మాత్రలు ఇచ్చాడు. ఇంటి దగ్గరే పోతుంది, రక్తం ఎక్కువైతే భయపడొద్దు అని చెప్పాడు.

మూడో రోజు పొద్దున తిరుపతమ్మ కబురు పెడితే అంజమ్మ పోయింది. గడప బయట దుప్పటి, రెండు నైటీలు, ఒక పాత చీర మూటగట్టి ఉన్నాయి. లోపలి నుంచి మూలుగు వినిపిస్తున్నది. కడుపు పోగొట్టిన బట్టలని అంజమ్మ అనుకుంది. ఊళ్లో వినని మాట కాదు. తిరుపతమ్మ కూడా ఆమె ముఖం చూడలేదు. "రేవుల మంది లేనప్పుడు ఉతుకు అవ్వా" అంది, అంతే.

అంజమ్మ బకెట్‌లో చన్నీళ్లు పట్టుకుని కూర్చుని మూట విప్పింది. దుప్పటి పరిచి చూసింది. చీర మడతలు విప్పి చూసింది. చెమట వాసన, వాంతి వాసన. ఒక మూల మాత్రల పొడి. రక్తం చుక్క లేదు.

కడుపు పోయిన బట్టలు ఆమె ఎన్ని ఉతికిందో లెక్క లేదు. చుక్క కూడా లేకుండా ఏ కడుపూ పోదు. పోలేదంటే మాత్రలు పని చేయలేదనుకోవచ్చు. కానీ లోపల ఆ పిల్ల మూలుగు మాత్రలు పని చేయని మూలుగు కాదు. అంజమ్మకు పసుపు తిరిగిన నీళ్లు గుర్తొచ్చాయి. "నొప్పైతే నెలనెలా అస్తనే ఉంది" అన్న తిరుపతమ్మ మాట గుర్తొచ్చింది. నెలనెలా నొప్పి ఉండి, నెలనెలా ఏమీ బయటికి రాకుంటే, అది ఎటు పోతున్నట్టు?

ఆమె బట్టలను అట్లాగే నీళ్లలో వదిలేసి తిరిగి తిరుపతమ్మ ఇంటికి పోయింది.

"పిల్ల ఉచ్చ పోసిందా?"

"నిన్నటి సంది లే."

"తిర్పతీ, దానికి కడుపు గాదు. నీకు తెల్సు. నాకు తెల్సు. పెద్ద దవాఖానకు తీస్కపో."

"తీస్కపోతే ఆడ మొదలు అడిగేది గదే గదనే! ఎప్పుడైంది అని." తిరుపతమ్మ గొంతు తగ్గించి అంది. "నువ్వు నోరిప్పితివో, నేను బాయిల దుంకుత. నీ రేవు మీద ఒట్టు."

అంజమ్మ బయటికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేరు. ధనలక్ష్మి ఇల్లు నాలుగిళ్ల అవతల. ఆ నాలుగిళ్లు దాటడానికి తనకు ఎంతసేపు పట్టిందో తెలియదని ఆమె నాతో అన్నది. ఒకసారి రేవు దిక్కు పోయి మళ్లీ వెనక్కి వచ్చిందట. ధనలక్ష్మి అన్నం ముందు కూర్చుని ఉంటే, గడపలోనే నిలబడి, నలభై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఒక ఇంటి బట్టల సంగతి ఇంకో ఇంట్లో చెప్పింది.

"గా పిల్ల ఇంకా పెద్దమనిషి గాలేదమ్మా. లంగకు పారాణి పూసిండ్రు. లంగ నా తాన్నే ఉంది. రా, సూపిస్త."

ధనలక్ష్మి చెయ్యి కడుక్కోకుండానే 108కు ఫోన్ చేసింది.

వనపర్తి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ముందు మూత్రం తీయించింది, తర్వాత స్కాన్ చేసింది. కడుపు కాదు. పుట్టుకతోనే ఆ పిల్లకు యోని దారిలో ఉండే పలుచని పొర పూర్తిగా మూసుకుపోయి ఉంది. ముట్టు రక్తం బయటికి వచ్చే దారి లేదు. నెలనెలా వచ్చినదంతా లోపలే నిలిచి, గర్భసంచిని ఉబ్బించి, మూత్రం దారిని ఒత్తింది. రజిత పెద్దమనిషి కాకపోవడం కాదు. దాదాపు రెండేళ్ల కిందే అయింది. ఎవరికీ తెలియలేదు, అంతే.

"చిన్న గాటు పెడితే పోయేది. పావుగంట పని," అంది డాక్టరమ్మ. "మొదటి నొప్పులకే తెచ్చుంటే ఆ సాయంత్రమే ఇంటికి పోయేది. ఏమీ తెలియకుండా ఆ మాత్రలెందుకు మింగించారు? దారి లేకుండా లోపల బలవంతంగా పిండినట్టయింది. చీము పట్టింది."

దారి తెరిచినప్పుడు సీసాల కొద్దీ నల్లగా, పాకంలాగా వచ్చిందని నర్సు చెబుతుంటే అనంతయ్య వరండాలో కూలబడ్డాడు. రజిత పన్నెండు రోజులు అక్కడే ఉంది. ప్రాణం దక్కింది. గర్భసంచికి ఒక దిక్కున్న గొట్టం పాడైందని, ముందుముందు పిల్లలు అవుతారో లేదో ఇప్పుడే చెప్పలేమని కాగితం మీద రాసిచ్చారు.

ఊరు ఆ కాగితం చదవలేదు. "దవాఖాన్ల కడుపు తీపిచ్చుకొచ్చి, పొర అంటుండ్రు, గిర అంటుండ్రు" అన్నారు. నమ్మిన కొద్దిమందికి ఇంకో కథ దొరికింది. అచ్చంపేట నుంచి ఇందిరమ్మ వచ్చి వాకిట్లోనే నిలబడి, "పారాణి పూసి మా తోని సీర పెట్టిచ్చుకుంటివా? గట్లాంటి పిల్లనా నా కొడుక్కు అంటగట్టేది?" అని, తాము పెట్టిన చీరను తీసుకుపోయింది. తిరుపతమ్మ నేరుగా రేవుకు పోయి, బండ మీద ఉన్న అంజమ్మ ముఖం మీద ఉమ్మింది.

"నా బిడ్డను బతికిచ్చినవని అంటరేమో. దాని బతుకును నడివీధిల ఆరేసినవ్."

అంజమ్మ కొంగుతో తుడుచుకుంది. ఆమెకు తగిలిన మాట అది కాదు. "నేను గా దసరాకే చెప్తే పోతుండె గదమ్మా," అని నాతో అన్నది. "తొమ్మిది నెలలు నా పెట్టెల పెట్టుకుని కూసుంటి. మా అత్త మాట నిలబెడుతున్న అనుకుంటి."

అత్త చెప్పినట్టే అయింది. ఒక్కొక్క ఇంటి మూటే ఆగిపోయింది. మా అమ్మ కూడా మానేసింది. "ఆయమ్మ మంచిదే. గని రేపు మన ముచ్చట గూడ ఎవలకన్న చెప్తే?" అంది. ఆ వారమే నా బట్టలు నేనే స్నానాల గదిలో ఉతుక్కున్నాను. ముందు ఉడుకునీళ్లు పోశాను, మరక అట్లాగే ఉండిపోయింది.

ఆ ఏటి దసరా తర్వాత మేస్త్రీ వ్యాను మళ్లీ వచ్చింది. రజిత మళ్లీ బడికి పోలేదు, ఆమె కూడా పోతున్నది. పొద్దున్నే వ్యాన్‌లో గిన్నెలు, దుప్పట్లు ఎక్కిస్తున్నారు. అంజమ్మ రేవులో తన చీర తానే ఉతుక్కుంటున్నది. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూసింది.

"అవ్వా."

"ఏంది బిడ్డా? మీ అమ్మ సూస్తే నిన్ను తంతది."

"అమ్మకు తెల్వదు." రజిత దుప్పటా కింద నుంచి ఒక చిన్న మూట తీసి బండ మీద పెట్టింది. పైన బియ్యం లేవు, కుడుక లేదు. గుప్పెడు బెల్లం మాత్రం కాగితంలో చుట్టి ఉంది. "మొదటి బట్టలు నీకే ఇయ్యాల్నంట గద."

అంజమ్మ మూట విప్పింది. ఆకుపచ్చ పంజాబీ డ్రెస్సు. దవాఖాన నుంచి వచ్చాక నాలుగు నెలలకు, మందులన్నీ ఆపాక, తనంతట తానుగా అయిన మొదటి ముట్టు. ఆమె బకెట్‌లో చన్నీళ్లు పట్టి డ్రెస్సును ముంచింది. ఇద్దరూ నీళ్లను చూస్తూ కూర్చున్నారు. నీళ్లు మెల్లగా ఎర్రబారాయి.

"నొస్తుందా?"

"నొస్తుంది. గని అప్పటంత లే."

"నెలనెలా రాసిపెట్టుకో. తప్పితే ఎవ్వరి కోసం ఆగకు. ఆడ గూడ సర్కారు దవాఖాన ఉంటది, నువ్వే పో."

"ఊ."

"ఇది నాకొద్దు బిడ్డా. ఉతికిస్త, ఆరినంక తీస్కపో. ఆడ కట్టుకోను నీకేమున్నయని?"

రజిత తల ఊపింది. అంజమ్మ సబ్బు పెట్టి, జాడించి, పిండి, తీగ మీద వేసింది. అప్పటికే ఊళ్లో వ్యాను హారన్ కొడుతున్నది. అనంతయ్య కూతురిని పేరు పెట్టి అరుస్తున్నాడు. రజిత ఒకసారి తీగ వైపు, ఒకసారి ఊరి వైపు చూసి, చెలకల గుండా పరుగెత్తింది.

ఆ డ్రెస్సు ఇప్పుడు అంజమ్మ పెట్టెలో, నీలం లంగా పక్కన ఉంది. రజిత వాళ్లు ఆ తర్వాత ఊరికి తిరిగి రాలేదు.